నల్ల చొక్కా మీద తెల్ల పట్టీ

రియో డి జనీరోలోని వాస్కోడగామా క్లబ్ ఫుట్‌బాల్ కోసం పుట్టింది కాదు. 1898 ఆగస్టు 21న ఓడరేవు దగ్గరి ఒక వీధిలో 62 మంది యువకులు కూడి పెట్టుకున్నది పడవ పందేల సంఘం. వాళ్లలో ఎక్కువమంది పోర్చుగల్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు, దుకాణాల్లో లెక్కలు రాసే గుమాస్తాలు. ఆదివారాలు తెడ్డు వేయాలన్న ఉబలాటమే తప్ప పెద్ద ఆస్తులున్నవాళ్లు కారు. వాస్కోడగామా నౌక కాలికట్ తీరం చేరి అప్పటికి సరిగ్గా నాలుగు వందల ఏళ్లు. ఆ సంబరాల వేళ పుట్టింది కాబట్టి సంఘానికి ఆ నావికుడి పేరే పెట్టారు. తెలుగు పిల్లలు సాంఘిక శాస్త్రంలో 1498 అనే సంవత్సరంతో కలిపి బట్టీపట్టే పేరు అలా ఒక బ్రెజిల్ క్లబ్ పేరయింది.

క్లబ్ గుర్తులోనూ ఆ ప్రయాణమే ఉంది. నల్లని నేల మీద తెరచాప ఓడ, చాప మీద ఎర్ర శిలువ. నలుపు తెలియని సముద్రాలకు గుర్తని, దాని మీద ఏటవాలుగా సాగే తెల్ల పట్టీ ఇండియాకు కనిపెట్టిన దారి అని అభిమానులు చెప్పుకుంటారు. మలబారు తీరంలో ఆ పేరుకున్న జ్ఞాపకం వేరు. 1502లో రెండోసారి వచ్చిన గామా మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించాడు. అలాంటివాడి పేరు పెట్టుకున్న క్లబ్ తర్వాతి కాలంలో నల్లవాళ్లకు, కూలివాళ్లకు తలుపు తీసిన క్లబ్‌గా పేరు తెచ్చుకోవడం చరిత్ర చేసిన వింతల్లో ఒకటి.

ఆ తలుపు మొదట తెరుచుకున్నది పడవల కాలంలోనే. 1904లో సభ్యులు కాందిదో జోసె ద అరౌజోను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆయన నల్ల, తెల్ల జాతుల రక్తం కలిసిన మనిషి. బ్రెజిల్‌లో బానిసత్వాన్ని చట్టం రద్దు చేసింది 1888లో. అంటే అప్పటికి పదహారేళ్లే. రియో క్రీడా సంఘాల్లో అలాంటి మనిషి గోడకు తగిలించిన ఫొటోలో ఉండటమే అరుదు, అధ్యక్షుడి కుర్చీలో ఉండటం మరీ అరుదు. ఆయన హయాంలోనే 1905లో క్లబ్‌కు మొదటి పడవ పందేల టైటిల్ దక్కింది.

ఫుట్‌బాల్ 1915 నవంబరులో వచ్చింది, అదీ అరువుగా. లుజిటానియా అనే చిన్న క్లబ్‌ను కలుపుకొని వాస్కో జట్టు కట్టింది. 1916 మేలో ఆడిన తొలి మ్యాచ్‌లో 10-1 తేడాతో చిత్తయింది. మూడో శ్రేణి లీగ్‌లో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కి 1922లో రెండో శ్రేణి గెలిచి, 1923లో రియో నగర అగ్ర లీగ్‌లోకి అడుగుపెట్టింది.

ఆ లీగ్ అప్పట్లో దొరబాబుల ఆటస్థలం. ఫ్లూమినెన్సే, ఫ్లమెంగో, బొటాఫోగో జట్లలో ఆడేది న్యాయవాదుల కొడుకులు, వైద్య విద్యార్థులు, వ్యాపారుల వారసులు. ఆట సరదాకు ఆడాలి, డబ్బు ముట్టకూడదన్నది నియమం. నియమం వినడానికి ఎంత పవిత్రంగా ఉన్నా, దాని ఫలితం ఒక్కటే: రోజు కూలి మానుకుని మైదానానికి రాగల తీరిక ఉన్నవాడే ఆడగలడు. వాస్కోకు దొరబాబులు లేరు. రియో శివార్ల మైదానాల్లో, ఫ్యాక్టరీ జట్లలో ఎవడు బాగా ఆడితే వాణ్ని తెచ్చుకుంది. గోల్‌కీపర్ నెల్సన్ ట్యాక్సీ నడిపేవాడు. సెసీ గోడలకు రంగులు వేసేవాడు. నికోలీనో రేవులో మూటలు మోసేవాడు. బొలావో లారీ డ్రైవరు. ఈ నలుగురూ నల్లవాళ్లు. మిగతావాళ్లలో తెల్లవాళ్లున్నా వాళ్లూ పేదలే, కొందరికి అక్షరం ముక్క రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. రియోలో నల్లవాణ్ని ఆడించిన మొదటి క్లబ్ వాస్కో కాదు. బట్టల మిల్లు చుట్టూ పెరిగిన బంగూ క్లబ్ 1905లోనే ఆ పని చేసింది. కానీ బంగూ టైటిళ్లు గెలవలేదు కనుక ఎవరికీ కన్నెర్ర కాలేదు. వాస్కో గెలిచింది, చిక్కంతా అందుకే వచ్చింది.

ఉరుగ్వేకు చెందిన శిక్షకుడు రామోన్ ప్లాతెరో ఆ కుర్రాళ్లకు రోజూ కసరత్తు, పరుగు నేర్పాడు. తక్కిన జట్లు ద్వితీయార్ధంలో ఆయాసపడుతుంటే వాస్కో ఆటగాళ్లు అప్పుడే జోరందుకునేవారు. 1923 సీజన్‌లో 14 మ్యాచ్‌లలో 11 గెలిచి, రెండు డ్రా చేసుకుని, ఫ్లమెంగో చేతిలో ఒక్కటి మాత్రమే ఓడి, అగ్ర లీగ్‌లో అడుగుపెట్టిన ఏడాదే విజేత అయింది. జనం వాళ్లకు ‘నల్ల చొక్కాలు’ అని పేరు పెట్టారు. జీతం ఇవ్వకూడదు కాబట్టి పోర్చుగీసు వ్యాపారులు ఆటగాళ్లను తమ దుకాణాల్లో ఉద్యోగులుగా చూపించేవారు. గెలిచిన రోజు చేతిలో ఇంత పెట్టేవారు. రియోలో జంతువుల బొమ్మల మీద పందెం కాసే లాటరీ ఒకటి ఉంది. దొంగచాటు బహుమతికి ఆ జంతువుల పేర్లే సంకేతాలయ్యాయి. కుక్క అంటే ఇంత, కుందేలు అంటే ఇంత, ఆవు అంటే భారీ మొత్తం. బ్రెజిల్‌లో మ్యాచ్ బోనస్‌ను ఇప్పటికీ ‘బిషో’ అంటారు, అంటే జంతువు.

పెద్ద క్లబ్‌లు ఊరుకోలేదు. ఆటగాడు మ్యాచ్ కాగితం మీద తన చేత్తో వివరాలు రాసి సంతకం పెట్టాలనే నిబంధన అప్పటికే ఉంది. వాస్కో రాత్రిపూట తన ఆటగాళ్లకు అక్షరాలు దిద్దించింది. దాంతో 1924లో పెద్ద క్లబ్‌లు పాత లీగ్ వదిలి ‘అమేయా’ అనే కొత్త సంఘం పెట్టుకున్నాయి. వాస్కోకూ చోటిస్తామన్నాయి, కానీ ఒక షరతు: పన్నెండు మంది ఆటగాళ్లను తీసేయాలి. వాళ్ల వృత్తులు, స్థితిగతులు లీగ్ గౌరవానికి తగవన్నది చూపిన సాకు. షరతులో రంగు అనే మాట లేదు. ఆ జాబితా చూసినవాడికి ఆ మాట అక్కర్లేదు కూడా.

1924 ఏప్రిల్ 7న వాస్కో అధ్యక్షుడు జోసె అగుస్తో ప్రెస్తెస్ జవాబు రాశాడు. టైపు చేసిన చిన్న ఉత్తరం, మర్యాద ఎక్కడా తప్పలేదు. ఆ పన్నెండు మంది యువకులు, ఇప్పుడిప్పుడే జీవితంలోకి అడుగుపెడుతున్నవాళ్లు, 1923 టైటిల్ గెలిపించినవాళ్లు. బహిరంగంగా వాళ్లకు మచ్చ వేసే పనికి వాళ్లను ఆదరించిన క్లబ్ ఎన్నటికీ పూనుకోదని, కాబట్టి సంఘంలో చేరడం లేదని అందులోని సారం. బ్రెజిల్‌లో దీన్ని ‘చారిత్రక జవాబు’ అంటారు. క్లబ్ గెలిచిన కప్పుల మాట వచ్చినా రాకపోయినా ఈ ఉత్తరం మాట రాకుండా వాస్కో అభిమానుల సంభాషణ ముగియదు. ఆ ఏడాది వాస్కో చిన్న క్లబ్‌లతో పాత లీగ్‌లోనే ఆడి ఓటమి లేకుండా గెలిచింది. మరుసటి ఏడు పెద్ద సంఘమే మెట్టు దిగింది. వాస్కో తన ఆటగాళ్లతోనే అందులో చేరింది. వాస్కో మ్యాచ్‌కు వచ్చినంత జనం ఇంకెవరికీ రావడం లేదు మరి, గేటు డబ్బు ముందు గౌరవం పట్టింపు నిలవలేదు.

వాస్కోకు సరైన మైదానం లేదన్నది అప్పట్లో మరో ఆక్షేపణ. దానికి జవాబుగా ఊరూరా చందాలు ఎత్తారు. దుకాణదారులు, బేకరీవాళ్లు, కూలివాళ్లు తలా కొంత వేశారు. 1926 జూన్‌లో పునాదిరాయి వేసి పది నెలల్లో స్టేడియం లేపారు. 1927 ఏప్రిల్ 21న దేశాధ్యక్షుడు వాషింగ్టన్ లూయీస్ సమక్షంలో ప్రారంభమైంది. తొలి మ్యాచ్‌లో శాంతోస్ 5-3తో వాస్కోను ఓడించినా ఆ రోజు ఎవరూ దిగులుపడలేదు. పక్క వీధి పేరు మీద జనం దాన్ని ‘సావో జనువారియో’ అంటారు. 1940లో సావో పాలోలో పకయెంబు కట్టేదాకా బ్రెజిల్‌లో అదే అతిపెద్ద స్టేడియం. అంత జనం పట్టే చోటు రాజధానిలో మరొకటి లేక (అప్పటి రాజధాని రియోనే) తర్వాతి దేశాధ్యక్షుడు జెతూలియో వార్గాస్ మే డే సభలు అక్కడే పెట్టాడు. కనీస వేతనం ప్రకటన 1940 మే 1న అక్కడినుంచే వెలువడింది.

1933లో రియోలో జీతాల ఆట చట్టబద్ధమైంది. 1945 నుంచి 1952 దాకా వాస్కోది ఎదురులేని కాలం. ఆ జట్టును ‘విజయ ఎక్స్‌ప్రెస్’ అని పిలిచేవారు. అయిదు సార్లు రియో టైటిల్ గెలిచింది, అందులో మూడుసార్లు ఒక్క ఓటమీ లేకుండా. 1948లో చిలీ రాజధాని శాంతియాగోలో దక్షిణ అమెరికా విజేత క్లబ్‌లకు టోర్నీ పెట్టారు. ఆల్‌ఫ్రెదో ది స్తెఫానో ఉన్న అర్జెంటీనా జట్టు రివర్ ప్లేట్‌ను చివరి పోరులో 0-0తో నిలువరించి వాస్కో కప్పు ఎత్తుకుంది. ఆ పోటీని చూసి వెళ్లిన ఫ్రెంచి విలేఖరి జాక్ ఫెరాన్‌కు ఐరోపాలోనూ ఇలాంటిది ఉండాలన్న ఊహ కలిగింది. నేటి ఛాంపియన్స్ లీగ్‌కు మూలం ఆ ఊహే.

1950 ప్రపంచకప్‌కు బ్రెజిల్ జట్టులో ఎనిమిది మంది వాస్కో ఆటగాళ్లు. శిక్షకుడు ఫ్లావియో కోస్తా కూడా వాస్కోవాడే. జూలై 16న రియోలోని మరకానా స్టేడియంలో ఉరుగ్వేతో జరిగిన ఆఖరి మ్యాచ్‌లో అయిదుగురు దిగారు: బర్బోజా, అగుస్తో, దనీలో, అదెమీర్, షీకో. బ్రెజిల్ 2-1తో ఓడింది. రెండో గోల్ దగ్గరి స్తంభం పక్కనుంచి దూరడంతో నేరమంతా నల్లవాడైన గోల్‌కీపర్ మొఆసీర్ బర్బోజా మీద పడింది. బ్రెజిల్‌లో ఎంత ఘోరానికైనా గరిష్ఠ శిక్ష ముప్పై ఏళ్లేనని, తాను చేయని నేరానికి యాభై ఏళ్లుగా శిక్ష అనుభవిస్తున్నానని ఆయన ముసలితనంలో వాపోయాడు. 2000లో చనిపోయాడు. వాస్కో మాత్రం ఆయన్ను వదల్లేదు. ఓటమి తర్వాత కూడా ఏళ్లతరబడి ఆయనే గోల్ కాచాడు. ఇప్పుడు క్లబ్ శిక్షణ కేంద్రానికి ఆయన పేరే.

పీలే కథలో కూడా వాస్కోకు రెండు చోట్ల ప్రస్తావన ఉంది. 1957లో శాంతోస్, వాస్కోల ఉమ్మడి జట్టు మరకానాలో ఆడినప్పుడు పదహారేళ్ల పీలే వాస్కో చొక్కాలోనే పోర్చుగల్ జట్టు బెలెనెన్సెస్‌పై మూడు గోల్స్ కొట్టాడు. 1969 నవంబరు 19న అదే మైదానంలో ఆయన వెయ్యో గోల్ వేసింది వాస్కో మీద, పెనాల్టీతో.

తర్వాతి తరానికి వాస్కో అంటే రొబెర్తో. 1971లో తొలి గోల్ కొట్టిన మర్నాడు ఒక క్రీడా పత్రిక శీర్షికలో ‘డైనమైట్’ అన్నారు, అది ఇంటిపేరులా అంటుకుపోయింది. వాస్కోకు 700కు పైగా గోల్స్, బ్రెజిల్ జాతీయ లీగ్‌లో 190. ఆ లీగ్‌లో ఆ లెక్కను ఎవరూ దాటలేదు. 1974లో క్లబ్‌కు తొలి జాతీయ టైటిల్ వచ్చింది ఆయన కాళ్ల బలంతోనే. 1980లో స్పెయిన్ క్లబ్ బార్సిలోనాకు వెళ్లి కొద్ది నెలలకే వెనక్కి వచ్చి, మరకానాలో కొరింథియన్స్‌పై 5-2 మ్యాచ్‌లో అయిదు గోల్సూ తానే కొట్టాడు.

రెండో జాతీయ టైటిల్ 1989లో, మూడోది 1997లో వచ్చాయి. 1997లో ఎడ్ముండో ఒక్కడే 29 గోల్స్ కొట్టాడు. నూరేళ్లు నిండిన అయిదు రోజులకు, 1998 ఆగస్టు 26న, ఈక్వడార్ క్లబ్ బార్సిలోనాను వాళ్ల గడ్డ మీదే ఓడించి వాస్కో దక్షిణ అమెరికా క్లబ్‌ల అగ్ర పోటీ అయిన లిబర్తడోరెస్ కప్పు గెలుచుకుంది. అభిమానులు ఇప్పటికీ పాడుకునేది మాత్రం ఫైనల్‌ను కాదు, అంతకుముందు రివర్ ప్లేట్ మైదానంలో వాస్కో ఆటగాడు జునిన్యో దూరం నుంచి కొట్టిన ఫ్రీకిక్‌ను. 2000 జనవరిలో క్లబ్‌ల ప్రపంచ పోటీలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 3-1తో మట్టికరిపించి, ఫైనల్లో కొరింథియన్స్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆ డిసెంబరులో మెర్కోసుల్ కప్పు ఫైనల్. పల్మెయిరాస్ మైదానంలో విరామానికి 0-3. చివరికి పదిమందే మిగిలినా 4-3తో గెలుపు, రొమారియో మూడు గోల్స్.

అదే నెల 30న సావో జనువారియోలో జాతీయ ఫైనల్ రెండో మ్యాచ్ నడుస్తుండగా గ్యాలరీ కంచె కూలి 150 మందికి పైగా గాయపడ్డారు. ఆట ఆగింది. 2001 జనవరిలో మరకానాలో మళ్లీ ఆడి సావో కయెతానోపై 3-1తో వాస్కో నాలుగో టైటిల్ అందుకుంది. ఆ తర్వాత అప్పులు పేరుకున్నాయి. 2008లో తొలిసారి రెండో శ్రేణికి జారింది, అప్పుడు అధ్యక్షుడు రొబెర్తో డైనమైటే కావడం అభిమానులను మరింత కుంగదీసింది. 2011లో బ్రెజిల్ కప్పు గెలిచి కాస్త తేరుకున్నా 2013లో, 2015లో, 2020లో మళ్లీ జారింది.

2022లో ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చి 70 శాతం వాటా అమెరికా సంస్థ 777 పార్ట్‌నర్స్‌కు అమ్మారు. ఆ ఏడాదే జట్టు పై శ్రేణికి చేరింది. 2023 జూన్‌లో ఒక ఓటమి తర్వాత గొడవలు జరగడంతో కోర్టు సావో జనువారియో గేట్లు ప్రేక్షకులకు మూసేసింది. స్టేడియం ఆనుకుని బరెయిరా దో వాస్కో అనే పేదల బస్తీ ఉంది. చుట్టుపక్కల ఇరుకు వీధులు, ఆ బస్తీ ఉండటం కూడా ప్రమాద కారణాలుగా కోర్టు కాగితాల్లోకి ఎక్కాయి. మ్యాచ్ రోజు అమ్మకాలతో బతికే బస్తీవాళ్లు, అభిమానులు రోడ్డెక్కారు, 1924 నాటి ఉత్తరాన్ని గుర్తుచేశారు. సెప్టెంబరులో గేట్లు తెరుచుకున్నాయి. వాటా కొన్న సంస్థ ఆర్థిక చిక్కుల్లో పడటంతో 2024 మేలో కోర్టు దాని అధికారాన్ని నిలిపివేసి, జట్టు నిర్వహణను తిరిగి సభ్యుల సంఘం చేతికి ఇచ్చింది. అప్పటికి సంఘం అధ్యక్షుడు పెద్రీన్యో, లిబర్తడోరెస్ గెలిచిన 1998 జట్టులో ఆడినవాడు.