పాత పెట్రోలు కార్లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ప్రేరణ: దిగువ కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పాత పెట్రోలు కార్లలో స్పార్క్ పుట్టవలసిన క్షణాన్ని కాంటాక్ట్ పాయింట్లు నిర్ణయిస్తాయి. వాటి స్థానంలో తక్కువ వ్యయంతో ఎలక్ట్రానిక్ ప్రేరణను అమర్చే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ఉప్పుగాలిలో, తేమలో వీటిలో ఏది నిలుస్తుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇగ్నిషన్, కాంటాక్ట్ పాయింట్లు, హాల్ సెన్సర్, డిస్ట్రిబ్యూటర్, అంబాసిడర్, కృష్ణా డెల్టా.

1. ప్రవేశిక

తెలుగునాట కొన్ని దశాబ్దాలపాటు కారు అంటే అంబాసిడర్ లేదా పద్మిని. అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో ఆగిపోయింది. ఫియట్ 1100కు వారసురాలైన కారుకు ప్రీమియర్ పద్మిని అనే పేరు 1974లో వచ్చింది. మొదటిదానిలో 1489 సి.సి., రెండవదానిలో 1089 సి.సి. పెట్రోలు ఇంజన్లు ప్రసిద్ధం. అంబాసిడర్లలో డీజిల్ రకాలూ విరివిగా ఉండేవి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ అవసరం లేదు గనుక ఈ చర్చ వాటికి వర్తించదు.

ఇలాంటి కారును నేటికీ నడిపే యజమానికి ఇగ్నిషన్ వేడుక విషయం కాదు. సముద్రతీరాన ఉన్న బందరులోనూ, కృష్ణ పాయల నడుమ ద్వీపంలా ఉన్న దివిసీమలోనూ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన ఈ సీమలో, వానలో స్టార్టు కాని బండి అంటే ఆపదవేళ అక్కరకు రాని బండి అనే అర్థం. కాబట్టి మార్పు చేయాలా, చేస్తే ఏ రకంగా చేయాలి అన్న ప్రశ్నకు ఇక్కడ ప్రత్యేకమైన బరువు ఉంది.

2. పాయింట్ల పనితీరు – పరిమితులు

అమెరికా ఇంజనీరు ఛార్లెస్ కెటరింగ్ 20వ శతాబ్ది తొలినాళ్లలో రూపొందించిన పద్ధతే ఈ కార్లలోనూ కనిపిస్తుంది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ చుట్టలో కొన్ని ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని క్యామ్ పాయింట్లను విడదీయగానే ఆ క్షేత్రం కూలిపోయి, సెకండరీ చుట్టలో వేల వోల్టుల పీడనం పుడుతుంది. విడిపోయే చోట మంట లేవకుండా కండెన్సర్ అడ్డుకుంటుంది.

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే రెండు స్పార్కులు కావాలి. నిమిషానికి 3000 చుట్ల వేగంలో అవి సెకనుకు 100. అంటే ఒక్కో స్పార్కుకు దక్కే వ్యవధి 10 మిల్లీసెకన్లు. పాయింట్లు సెకనుకు నూరుసార్లు కలిసి, నూరుసార్లు విడిపోవాలి.

ఈ శ్రమలో రెండు రకాల అరుగుదల జరుగుతుంది. విద్యుత్తు తెగే చోట లోహం కాలి గుంటలు పడటం మొదటిది. క్యామ్‌పై రాసుకునే మడమ అరగటం రెండవది. మడమ అరిగితే సందు తగ్గుతుంది. అప్పుడు పాయింట్లు ఆలస్యంగా విడిపోయి టైమింగ్ వెనుకబడుతుంది. లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్లలో ఈ సందు సుమారు 0.38 మిల్లీమీటర్లు. ఇంత చిన్న కొలతను తరచుగా సరిచూడవలసి రావటమే ఈ పద్ధతిలోని ప్రధానమైన ఇబ్బంది. దీనికి తీరప్రాంతపు ఇబ్బంది మరొకటి తోడవుతుంది. వాడకుండా కొన్ని వారాలు నిలిపిన బండిలో టంగ్‌స్టన్ పాయింట్లపై ఆక్సైడ్ పొర ఏర్పడి విద్యుత్తును అడ్డగిస్తుంది.

3. తక్కువ వ్యయపు రెండు మార్గాలు

3.1 పాయింట్లకు ట్రాన్సిస్టర్ తోడు: ఇందులో పాయింట్లు అలాగే ఉంటాయి. కాయిల్ విద్యుత్తును ట్రాన్సిస్టర్ తెంచుతుంది. పాయింట్లు దానికి సంజ్ఞ మాత్రమే ఇస్తాయి. లోహం కాలటం దాదాపు ఆగిపోతుంది. ఖర్చు స్వల్పం. అయితే మడమ అరుగుదల, సందు సవరణ తప్పవు. ఉప్పుగాలిలో మరొక చిక్కు ఉంది. పాత పద్ధతిలో ఆంపియర్ల విద్యుత్తు పలుచని ఆక్సైడ్ పొరను కాల్చివేసేది. సంజ్ఞా విద్యుత్తు మరీ తక్కువైతే ఆ శక్తి ఉండదు. అందుచేత పాయింట్ల గుండా కనీసం పావు ఆంపియర్ ప్రవహించేలా నిరోధాన్ని ఎంచుకోవటం మంచిది.

3.2 హాల్ సెన్సర్: విద్యుత్ ప్రవాహంపై అయస్కాంత క్షేత్ర ప్రభావాన్ని ఎడ్విన్ హాల్ 1879లో గుర్తించాడు. ఆ సూత్రంతో పనిచేసే చిన్న సెన్సర్‌ను పాయింట్ల పలకపై బిగించి, క్యామ్‌పై నాలుగు అయస్కాంతాలున్న వలయాన్ని తొడిగితే, రాపిడి లేకుండానే సంజ్ఞ వస్తుంది. మడమ లేదు గనుక అరుగుదల లేదు. తెరచి ఉన్న లోహపు తాకిడి లేదు గనుక ఆక్సైడ్ పొర బెడదా లేదు. తీరప్రాంతానికి ఈ మార్గమే మేలు.

అయితే చౌక అన్నింటా పనికిరాదు. 85 డిగ్రీల సెల్సియస్ వరకే పనిచేసే సెన్సర్లు బజారులో తక్కువ ధరకు దొరుకుతాయి. వేసవిలో ఇంజన్ పక్కన వేడిని తట్టుకోవాలంటే 150 డిగ్రీల తరగతి కావాలి. సాధారణ నియోడిమియం అయస్కాంతాలు సుమారు 80 డిగ్రీలు దాటితే బలహీనపడతాయి. అధిక ఉష్ణోగ్రత తరగతివి ఎంచుకోవాలి. వలయంలో అయస్కాంతాలు కచ్చితంగా 90 డిగ్రీల ఎడంలో ఉండాలి. డిస్ట్రిబ్యూటర్‌లో ఒక డిగ్రీ తేడా క్రాంక్ వద్ద రెండు డిగ్రీలవుతుంది.

4. అమరికలో పాటించవలసిన క్రమం

మొదట డిస్ట్రిబ్యూటర్ ఇరుసును పక్కలకు కదిపి చూడాలి. బుష్ అరిగి ఇరుసు ఊగుతుంటే ముందు దానిని బాగుచేయించాలి. ఎలక్ట్రానిక్స్ యాంత్రిక లోపాన్ని కొంత కప్పగలదే తప్ప తీర్చలేదు. తరువాత బ్యాటరీ ఏ ధ్రువం బాడీకి కలిసి ఉందో నిర్ధారించుకోవాలి. పాత బ్రిటిష్ తరహా వాహనాల్లో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది; తారుమారు చేస్తే మాడ్యూల్ తక్షణం కాలిపోతుంది.

కాయిల్ ప్రైమరీ నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. బ్యాలస్ట్ నిరోధం లేకుండా నేరుగా 12 వోల్టులపై నడిచే కాయిల్‌లో అది సుమారు 3 ఓములు. సగం నిరోధమున్న కాయిల్‌ను నేరుగా కలిపితే విద్యుత్తు రెట్టింపై మాడ్యూల్ వేడెక్కుతుంది. మాడ్యూల్‌ను ఇంజన్‌కు దూరంగా, గాలి తగిలే లోహపు పలకపై, వేడిని చేరవేసే పేస్టు పూసి బిగించాలి. ఎర్త్ తీగను తుప్పు లేని చోట కలపాలి. చివరగా టైమింగ్ లైటుతో, తయారీదారు పుస్తకంలోని కొలత ప్రకారం టైమింగ్ సరిచేయాలి. ఇంజన్ ఆగి ఉండగా తాళంచెవి ఆన్‌లో వదిలితే, విద్యుత్తును తనంతట తాను ఆపుకొనే ఏర్పాటు లేని మాడ్యూళ్లలో కాయిల్ కాలే ప్రమాదముంది.

5. మారేది – మారనిది

ఈ మార్పుతో ఇంజన్ శక్తి పెరుగుతుందనటం అతిశయోక్తి. సరిగా అమర్చిన కొత్త పాయింట్లు ఇచ్చే టైమింగ్‌నే ఇది ఇస్తుంది. దాన్ని ఎక్కువకాలం చెదరకుండా నిలపటమే దీని ప్రయోజనం. స్పార్క్ తప్పితే కాలని పెట్రోలు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. అందువల్ల స్థిరమైన ఇగ్నిషన్ కాలుష్య పరీక్షలోనూ తోడ్పడుతుంది.

తడి సమస్య మాత్రం పూర్తిగా తీరదు. డిస్ట్రిబ్యూటర్ మూత పగుళ్లలో చేరిన తేమ, పాతబడిన హై టెన్షన్ తీగలు అధిక వోల్టేజీని దారి మళ్లిస్తాయి. ఇవి ప్రేరణ జరిగిన తరువాతి దశకు చెందినవి. వీటిని మార్చకుండా సెన్సర్ ఒక్కదానిపై భారం వేస్తే వానాకాలంలో నిరాశ తప్పదు.

మరమ్మతు విషయం అన్నింటికన్నా ముఖ్యం. పాయింట్లు చెడిపోయేముందు హెచ్చరిస్తాయి. గరుకు కాగితంతో రుద్ది ఇల్లు చేరవచ్చు. మాడ్యూల్ సాధారణంగా చెప్పకుండానే ఆగిపోతుంది. నాగాయలంక దారిలో రాత్రివేళ ఆ తేడా ఏమిటో తెలుస్తుంది.

6. ముగింపు

పై పరిశీలన నుండి తేలే అంశాలివి:

1. తీరప్రాంతపు గాలిలో పాయింట్లకు ట్రాన్సిస్టర్ తోడు కన్నా హాల్ సెన్సర్ అనుకూలమైనది.
2. ఇరుసు, మూత, తీగలు బాగుచేసిన తరువాతే ఎలక్ట్రానిక్స్‌పై వెచ్చించాలి.
3. ఆదా చేయదగినది పనితనంలో; సెన్సర్, అయస్కాంతాల తరగతిలో కాదు.
4. పాత పాయింట్ల పలకను ముందే సందు సరిచేసి, కండెన్సర్‌తో సహా బండిలో ఉంచుకోవాలి. తీగలను ప్లగ్ తరహాలో కలిపితే దారిలోనే పాత పద్ధతికి మారవచ్చు.

పాతదానికి తిరిగివెళ్లే దారిని మూసివేయని మార్పే ఈ ప్రాంతానికి, ఈ బండ్లకు తగిన మార్పు.