సభకు తాళం, బయట గుడారం: సమోవా దేశంలో 2021వ సంవత్సరం

ఈ నెల మిమ్మల్ని పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న ఒక చిన్న దేశానికి తీసుకొని వెళ్లదలచాము. దాని పేరు సమోవా. ప్రపంచ పటంలో వేలు పెడితే దేశమంతా వేలి కిందే దాగిపోతుంది. జనాభా సుమారు 2 లక్షలు. మన వైపు ఒక మోస్తరు పట్టణంలో అంతమంది ఉంటారు. ఉపోలు, సవాయి అనే రెండు పెద్ద దీవులు, మరికొన్ని చిన్న దీవులు, కొబ్బరి తోటలు, చేమదుంప చేలు, సముద్రపు చేప. 1962 జనవరి 1న న్యూజిలాండ్ పాలన నుండి స్వతంత్రం పొందింది. అంత దూరపు దేశం సంగతి మన కుటుంబ పత్రికలో ఎందుకని అడగవచ్చు. 2021లో అక్కడ జరిగినది చదువుతుంటే మాకు మన ఊళ్లు, మన సంఘాలు, మన ఎన్నికలే కళ్లముందు మెదిలాయి.

1830లో లండన్ మిషనరీ సంఘం వారి జాన్ విలియమ్స్ సవాయి దీవిలో దిగి, తన వెంట వచ్చిన దీవుల ఉపదేశకులను అక్కడ ఉంచి వెళ్లాడు. ఇదే లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నానికి, ఆ తరువాత కడప సీమకు వచ్చారు. ఆ లెక్కన సమోవా విశ్వాసులు మన వాళ్లకు వరుసకు బంధువులే. నేడు ఆ దేశంలో దాదాపు అందరూ క్రైస్తవులు. సమోవాకు పునాది దేవుడే అన్నది వారి జాతీయ నినాదం. 2017లో తమది క్రైస్తవ దేశమని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. సాయంకాలం ఊళ్లో గంట మోగగానే పని ఆపి, ప్రతి కుటుంబం ప్రార్థనకు కూర్చుంటుంది. ఆ సమయంలో వీధిలో ఎవరూ తిరగకుండా ఊరి మగవాళ్లు కాపలా ఉంటారు. అనేక సంఘాలలో ఏ కుటుంబం ఎంత కానుక ఇచ్చిందో అందరి ఎదుట పైకి చదువుతారు. (మన సంఘాలలో ఈ పద్ధతి పెడితే కానుకలు పెరుగుతాయో, ఆరాధనకు వచ్చేవారు తగ్గుతారో మేము చెప్పలేము.) 2018 నుండి కాపరులకు అందే కానుకలపై ప్రభుత్వం పన్ను విధించినప్పుడు అక్కడి పెద్ద సంఘం ఒప్పుకోలేదు, కొందరు కాపరులు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

ఊరి పాలన 'మతాయ్' అనబడే కుటుంబ పెద్దలది. బిరుదు పొందిన పెద్ద మాత్రమే పార్లమెంటుకు పోటీ చేయవచ్చు. 1990 వరకు ఓటు హక్కు కూడా ఆ పెద్దలకే ఉండేది. 21 ఏళ్లు నిండిన వారందరూ పార్లమెంటు ఎన్నికలలో మొదటిసారి ఓటు వేసినది 1991లోనే.

ఈ దేశాన్ని 1998 నుండి తుయిలయేపా సైలెలే అనే ప్రధానమంత్రి పాలించారు. పార్టీ పేరు మానవ హక్కుల పరిరక్షణ పార్టీ. గట్టి మనిషి. 2009లో రోడ్డుకు కుడివైపు నడిచే బండ్లన్నిటిని ఒక్క రోజులో ఎడమవైపుకు మార్పించారు. 2011లో వ్యాపార సౌకర్యం కోసం దేశాన్ని తేదీరేఖకు అవతలి వైపుకు మార్చి, డిసెంబరు 30వ తేదీని క్యాలెండరులోనే లేకుండా చేశారు. అక్కడి ఏడవదిన సబ్బాతు వారికి ఏది శనివారమో తెలియక సంఘంలో చీలిక వచ్చింది. 2016 ఎన్నికల తరువాత 50 మంది సభలో 47 మంది ఆయన వెంటే. ప్రతిపక్షమనే మాటకే చోటు లేకపోయింది.

2020లో ఆయన ప్రభుత్వం మూడు బిల్లులు తెచ్చింది. భూములు, బిరుదుల వ్యాజ్యాలు చూసే న్యాయస్థానాన్ని సుప్రీంకోర్టు చేతి కింద నుండి తప్పించడం వాటి సారం. ఆ దేశంలో అధిక భాగం భూమి కుటుంబాల ఉమ్మడి ఆస్తి. తగాదా వస్తే చివరికి ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి అన్నది అక్కడ ప్రతి ఇంటి ప్రశ్న. పొలం గట్టు తగాదాలు ఎరిగిన మన రైతులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అప్పుడు ఉప ప్రధానిగా ఉన్న ఫియామే నయోమి మతాఫా ఆ బిల్లులను వ్యతిరేకించి, 2020 సెప్టెంబరులో పదవి వదిలి బయటికి వచ్చారు. నయోమి అంటే మన రూతు అత్తగారి పేరే. ఫియామే అన్నది పెద్దరికపు బిరుదు. ఆమె తండ్రి ఆ దేశపు మొదటి ప్రధానమంత్రి. ఆమె 1985 నుండి సభలో ఉన్నారు, తుయిలయేపాతో కలిసి చాలా ఏళ్లు పని చేసినవారు. కాబట్టి ఇది శత్రువుల పోరు కాదు, ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసినవారి పోరు.

ఆమె చేరి నాయకురాలైన కొత్త పార్టీని పొట్టిగా 'ఫాస్ట్' అంటారు. మన ఉపవాస ప్రార్థన కాదు. దేవునియందలి విశ్వాసంలో సమోవా ఒక్కటి అనే అర్థమిచ్చే వారి మాటల మొదటి అక్షరాలు అవి. మరి తుయిలయేపా కూడా తన అధికారం దేవుడిచ్చినదేనని, తాను జవాబు చెప్పవలసినది ఆయనకేనని బాహాటంగా చెప్పేవారు. ఇరువైపులా దేవుని నామమే. ఓటరు ఏమి చేయాలి?

2021 ఏప్రిల్ 9న 51 స్థానాలకు ఓటింగ్ జరిగింది. ఇరు పార్టీలకూ 25 చొప్పున వచ్చాయి. మిగిలిన ఒక్కడు స్వతంత్రుడు, తువాలా యోసెఫో పోనిఫాసియో. యోసేపు అన్న పేరే అది. దేశమంతా ఆయన నోటి మాట కోసం ఎదురు చూసింది. ఆయన ఇంకా తేల్చకముందే ఎన్నికల అధికారి మరొక సీటు సృష్టించారు. సభలో కనీసం నూటికి పదిమంది స్త్రీలు ఉండాలని 2013 నుండి అక్కడ చట్టం. గెలిచిన స్త్రీలు 5 మంది. 51లో పదో వంతు అయిదా, ఆరా? ఆరు అని చెప్పి, పాలక పార్టీకి చెందిన ఒక స్త్రీని సభ్యురాలిగా ప్రకటించారు. ఏప్రిల్ 21న తువాలా ఫాస్ట్ వైపు చేరారు. లెక్క 26, 26 అయింది. స్త్రీలకు చోటు ఇవ్వడానికి పెట్టిన చట్టాన్ని ఒక స్త్రీ ప్రధాని కాకుండా ఆపడానికి వాడుకున్నారన్నది మా అభిప్రాయం. 1992 సవరణతో మన పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు వచ్చాయి. భార్య సర్పంచి అయితే కుర్చీలో భర్త కూర్చున్న ఊళ్లు మేమూ చూశాము.

మే 4న దేశాధినేత మళ్లీ ఎన్నికలు జరపాలన్నారు. మే 17న సుప్రీంకోర్టు ఆ ఆరవ సీటూ చెల్లదు, రెండో ఎన్నికా చెల్లదు అని తీర్పు చెప్పింది. ఎన్నికైన 45 రోజులలోగా సభ కూడాలి అన్నది రాజ్యాంగ నియమం. ఆ గడువు మే 24 సోమవారం. ఆ రోజుకు సభను పిలిచిన దేశాధినేతే శనివారం రాత్రి ఆ పిలుపును నిలిపివేశారు. కారణం తరువాత చెబుతానన్నారు.

ఆదివారం నాడు అంగడి తలుపు కూడా తెరవడానికి సంకోచించే దేశమది. ఆ ఆదివారమే న్యాయమూర్తులు కూర్చుని, సభ సోమవారం జరిగి తీరాలని ఆదేశించారు. విశ్రాంతి దినాన గుంటలో పడిన గొఱ్ఱె సంగతి మాకు గుర్తుకు వచ్చింది.

సోమవారం ఉదయం ప్రధాన న్యాయమూర్తి సతియు సిమతీవా పెరెసే న్యాయస్థానపు దుస్తులతో నడిచి వచ్చి పార్లమెంటు తలుపు లాగి చూశారు. తాళం. ఒక మాట ఇక్కడ చెప్పాలి. సమోవా పాతకాలపు ఇల్లు స్తంభాల మీద నిలిచిన కప్పు మాత్రమే. గోడలుండవు, తలుపులుండవు, అన్ని వైపుల నుండి గాలి, వీధిలో పోయేవారి చూపు. ఆ నమూనాలోనే గుండ్రని కప్పుతో కట్టుకున్న కొత్త సభాభవనానికి తాళం పడింది. ఫియామే, ఆమె సభ్యులు, వారి జనం బయట పచ్చికమీద కూర్చుని కీర్తనలు పాడారు. ఎవరూ తలుపు బద్దలు కొట్టలేదు. పొద్దు వాలే వేళకు భవనం ఎదుట ఒక గుడారం వేసి, దాని కింద ప్రమాణం చేశారు. ఆ గుడారంలోనే ఫియామే ఆ దేశపు మొదటి మహిళా ప్రధానిగా ప్రమాణం చేశారు. తుయిలయేపా దాన్ని రాజద్రోహం అన్నారు.

ఆ తరువాత రెండు నెలలు దేశానికి ఇద్దరు ప్రధానులు. చిన్న దేశంలో ఇది ఎంత కష్టమో ఊహించండి. ఇంట్లో అన్న ఇటు, తమ్ముడు అటు. ఆదివారం అందరూ ఒకే గుడిలో, ఒకే పాట పాడాలి. కోర్టులు కూడా ఒకే మాట చెప్పలేదు. స్త్రీల సంఖ్య ఆరే ఉండాలి గాని, తేల్చవలసినది ఉపఎన్నికలన్నీ అయ్యాకే అని జూన్ 2న అప్పీలు కోర్టు చెప్పింది. జూన్ 28న సుప్రీంకోర్టు గుడారపు ప్రమాణం చెల్లదన్నది. చివరికి జూలై 23న అప్పీలు కోర్టు, అది చెల్లుతుంది, మే 24 నుండే ఫియామేది ప్రభుత్వం అని తేల్చింది. మూడు రోజులకు తుయిలయేపా ఓటమి ఒప్పుకున్నారు. ఒక్క ప్రాణం పోకుండా, ఒక్క తుపాకి పేలకుండా ఇరవై రెండేళ్ల పాలన చేతులు మారింది.

గెలిచినవారు మచ్చలేనివారని మేము అనబోము. సెప్టెంబరు 14న సభ మొదటిసారి కూడినప్పుడు, ప్రమాణం చేయలేదన్న కారణంతో కొత్త స్పీకరు పాత పార్టీ సభ్యులను లోపలికి రానివ్వలేదు. మే నెలలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో తలచుకొని చూడండి, ఈసారి బయట ఉన్నది తుయిలయేపా వారు. సుప్రీంకోర్టే మళ్లీ కలగజేసుకోగా, మూడు రోజుల తరువాత వారూ ప్రమాణం చేసి కూర్చున్నారు. నవంబరు 26న ఏడు స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే అయిదు ఫాస్ట్‌కు, రెండు పాత పార్టీకి వచ్చాయి. మరుసటి ఏడు తుయిలయేపాను సభ నుండి 24 నెలలు సస్పెండు చేశారు.

ఫియామే కథ కూడా అక్కడ ఆగలేదు. 2025 మొదట్లో ఆమె పార్టీయే రెండుగా చీలింది. మే 27న ఆమె పెట్టిన బడ్జెటు సభలో ఓడిపోయింది. ఆగస్టు 29న ఎన్నికలు జరిగాయి. పాత సహచరుడు లావులీ నడిపిన ఫాస్ట్ గెలిచింది, ఆమె కొత్త పార్టీకి మూడు స్థానాలే వచ్చాయి. సెప్టెంబరులో సభ కూడి లావులీని ప్రధానమంత్రిగా ఎన్నుకొంది. ఆ రోజు గుడారం వేయవలసిన పని పడలేదు.