చాకీ కేంద్రం నెట్: అడ్రస్ ఇచ్చే రౌటర్ ఒక్కటే ఉండాల



పోయిన చలికాలం మా చాకీ కేంద్రంలో జరిగింది ముందు చెప్తాను. చాకీ గదికి వైఫై అందడం లేదని ఇంకో రౌటర్ తెచ్చి, ఆఫీసు రౌటర్ నుంచి వైరు లాగి తగిలించినాము. రెండు రోజులు బాగా నడిచింది. మూడో రాత్రి కరెంటు పోయి వచ్చింది. హీటర్ మళ్లీ ఆన్ కాలేదు. గదిలో వేడి 28 డిగ్రీల నుంచి 21కి దిగింది. వేడి తగ్గితే ఫోనుకు మెసేజ్ పంపాల్సిన అలారం పంపలేదు. తెల్లారి చూస్తే దానికి వైఫై ఉంది, నెట్ మాత్రం లేదు. పురుగులు రెండో జ్వరానికి ఒక్కసారిగా పోలేదు, కొన్ని ముందు, కొన్ని వెనక. ఆ చాకీ తీసుకుపోయిన రైతులకు మేత లెక్క తప్పింది.

*తప్పు ఎక్కడ జరిగింది?*

నెట్‌లో చేరే ప్రతి ఫోనుకు, కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు ఒక అడ్రస్ కావాల. 192.168.1.105 లాగా ఉంటుంది. వీటిని పంచే పని రౌటర్‌లోని డీహెచ్‌సీపీది. గూళ్ల మార్కెట్లో లాట్ నంబరు రాసిచ్చే గుమాస్తా అనుకోండి. అడ్రస్‌తో పాటు బయటికి పోయే దారి కూడా చెప్తుంది. ఆ దారిని గేట్‌వే అంటారు.

లోపల ఇరవై ఫోన్లున్నా బయటికి అన్నీ ఒకే కనెక్షన్ అడ్రస్‌తో పోతాయి. ఎవరు ఏమి అడిగినారో రౌటర్ గుర్తుపెట్టుకొని, వచ్చిన జవాబు వాళ్లకే చేరుస్తుంది. దీని పేరు న్యాట్.

మేము తెచ్చిన రౌటర్‌లోనూ ఒక గుమాస్తా ఉన్నాడు. కరెంటు వచ్చినాక అలారం మళ్లీ అడ్రస్ అడిగింది. ముందు పలికింది కొత్త రౌటర్. "దారి నేనే" అని చెప్పింది. దానికి సొంతంగా నెట్ లైను లేదు.

*సరిచేసే విధం*

1. వైరు తగిలించక ముందే కొత్త రౌటర్ సెట్టింగ్స్ తెరవండి. ఆఫీసు రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి సేవ్ చెయ్యండి.

2. ఆఫీసు రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చే వైరును కొత్తదాని ల్యాన్ పోర్టులోనే పెట్టండి. వ్యాన్ పోర్టులో పెడితే ఆఫీసు కంప్యూటర్‌కు చాకీ గది కెమెరా కనపడదు.

3. ఆఫీసు రౌటర్‌లో పంచే అడ్రస్‌లు 100 నుంచి 200 దాకా పెట్టండి. ఇందులోది ఒకటి ప్రింటర్‌లో చేత్తో రాసిపెట్టకండి. అదే అడ్రస్ ఇంకో ఫోనుకు పోతే రెండూ ఆగుతాయి. ప్రింటర్‌కు, అలారానికి ఆఫీసు రౌటర్‌లోనే అడ్రస్ రిజర్వ్ చెయ్యండి.

*చూసుకోవడం ఎట్లా?*

రెండు గదుల్లోనూ ఫోను వైఫై వివరాలు తెరవండి. గేట్‌వే రెండుచోట్లా 192.168.1.1 ఉంటే సరి. వేరేది కనపడితే ఇంకా ఇద్దరు గుమాస్తాలు ఉన్నట్టే. కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటే దానికి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ముందు వైరు చూడండి.

చివరిగా, మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి, మళ్లీ వేసి, అలారం మెసేజ్ వస్తుందా చూడండి. మేము చెయ్యనిది ఈ పరీక్షే. గదిలో పురుగులు లేని రోజు చెయ్యండి.