కంపైలరుకు ఎక్స్11 ఎందుకు కనబడలేదు?

మా పీఠంలో తెలుగు తరగతికి వచ్చే హోసూరు ప్రాంతపు విద్యార్థి ఒకరు కంప్యూటరు శాస్త్రం చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే తమ ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పాలని ఆయన కోరిక. ‘అ’ అనే అక్షరం ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, ఎక్కడ ముగుస్తుందో తెర మీద గీత గీతగా చూపే చిన్న ప్రోగ్రాము ఒకటి ఓకామల్ భాషలో రాసుకున్నారు. సెలవులకు ఊరు వెళ్ళేలోగా అది పనిచేయాలి. మా పీఠంలోని పాత కంప్యూటరులో ఓకామల్ 4.07 కూర్పును మూలం నుంచి కట్టి, ప్రోగ్రామును ఇచ్చాము. ‘అన్‌బౌండ్ మాడ్యూల్ గ్రాఫిక్స్’ అన్న ఒక్క వాక్యంతో కంపైలరు ఊరుకుంది. రెండు రోజులపాటు ఆ విద్యార్థి రాసిన దానిలోనే తప్పు వెదికాము. తప్పు ఆయనది కాదు, మాది. ఇలాంటి చిక్కులో పడే విద్యార్థులు మరికొందరు ఉంటారు కనుక దాని వివరం ఇక్కడ ఇస్తున్నాము.

ఓకామల్ ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థలో రూపొందిన భాష. 1996లో ఆబ్జెక్టివ్ కామల్‌గా వెలువడి, 2011 నుంచి ఓకామల్ అన్న పేరుతో వ్యవహారంలో ఉంది. 4.08 కూర్పు దాకా కంపైలరుతో పాటే గ్రాఫిక్స్ అనే చిన్న లైబ్రరీ వచ్చేది. గీతలు, వృత్తాలు, వంపులు గీయడానికి అది చాలు. తెలుగు అక్షరాలను పాఠంగా అచ్చువేయడం మాత్రం దానికి చేతకాదు. అందుకే మా విద్యార్థి ప్రతి అక్షరాన్నీ వంపులుగా విడగొట్టి గీయించారు. పిల్లలకు కావలసినదీ అదే కనుక ఈ లోటు ఇక్కడ మేలే చేసింది. లినక్సు వంటి వ్యవస్థలలో ఈ లైబ్రరీ ఎక్స్11 మీద ఆధారపడుతుంది. ఎం.ఐ.టి.లో 1984లో మొదలైన ఎక్స్ కిటికీల వ్యవస్థకు 1987లో పదకొండవ కూర్పు వచ్చింది. ఆ సంఖ్యే పేరులో స్థిరపడింది.

కంపైలరును మూలం నుంచి కట్టడంలో మొదటి మెట్టు ‘కాన్ఫిగర్’. ఈ యంత్రంలో ఏమున్నాయో, ఏమి లేవో పరీక్షించి, ఏయే భాగాలు కట్టాలో ఒక ఫైలులో రాసిపెట్టడం దాని పని. తరువాత వచ్చే ‘మేక్’ ఆ రాతను నమ్మి పనిచేస్తుంది తప్ప మళ్ళీ పరీక్షించదు. సి కంపైలరు కనబడకపోతే కాన్ఫిగర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎక్స్11 కనబడకపోతే ఆగదు. అది ఉంటే మంచిది, లేకపోయినా కంపైలరుకు నష్టం లేదని దాని లెక్క. ‘ఎక్స్11 దొరకలేదు, గ్రాఫ్ లైబ్రరీకి ఆధారం లేదు’ అన్న అర్థంతో ఒక పంక్తి రాసి ముందుకు సాగుతుంది. తెర మీద పరుగెత్తే పంక్తుల మధ్య ఆ ఒక్కటి మా కంట పడలేదు. మేక్ నిరాటంకంగా ముగిసింది, స్థాపనా జరిగింది. ఏ దశలోనూ దోషం అన్న మాట రాలేదు కనుక అంతా బాగుందనుకున్నాము.

మా తెర మీద కిటికీలు తెరుచుకుంటున్నాయి గదా, ఎక్స్11 లేకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. మేమూ అలాగే వాదించాము. పెళ్ళిలో భోజనానికి కూర్చున్నవాడికి విస్తరి చాలు; వండేవాడికి సరుకుల చీటీ కావాలి. తయారైన ప్రోగ్రాములు నడవడానికి ఎక్స్11 లైబ్రరీ ఫైలు ఒక్కటి ఉంటే సరిపోతుంది. దాన్ని వాడుకునే కొత్త ప్రోగ్రామును కట్టాలంటే మరి రెండు కావాలి. అందులోని ప్రమేయాల పట్టికలైన హెడర్ ఫైళ్ళు ఒకటి. కూర్పు సంఖ్య లేని పేరుతో అసలు లైబ్రరీని చూపే లంకె ఫైలు రెండవది. డెబియన్, ఉబుంటులలో ఈ రెండూ ‘లిబ్‌ఎక్స్11-డెవ్’ అనే వేరే ప్యాకేజీని స్థాపిస్తే వస్తాయి. ఫెడోరాలో దాని పేరు ‘లిబ్‌ఎక్స్11-డెవెల్’. మామూలు వాడకందారుకు ఇవి అక్కరలేదు కనుక సాధారణంగా ముందుగా స్థాపించరు. మా యంత్రంలోనూ లేవు.

ప్యాకేజీ తెచ్చి పెట్టాక మళ్ళీ మేక్ ఇచ్చాము. ఫలితం మారలేదు. ఇది మా రెండవ తప్పు. మొదటిదాని కంటే దీనికే ఎక్కువ సిగ్గుపడ్డాము. కాన్ఫిగర్ రాసిన పాత ఫైలు అలాగే ఉంది, అందులో గ్రాఫ్ పేరు లేదు. కట్టినదంతా శుభ్రం చేసి, కాన్ఫిగర్‌ను మొదటినుంచి నడపాలి. 4.07లో అది చివర ఒక సంగ్రహం చూపుతుంది. అందులో గ్రాఫ్ లైబ్రరీ ఎదుట ‘నాట్ సపోర్టెడ్’ అని ఉంటే మేక్ జోలికి పోవద్దు. కాన్ఫిగ్ డైరెక్టరీలోని మేక్‌ఫైలులో ‘అదర్‌లైబ్రరీస్’ అన్న పంక్తిని కూడా చూడవచ్చు. గ్రాఫ్ అన్న మాట అక్కడ ఉంటేనే ఆ లైబ్రరీ కడుతుంది.

ప్యాకేజీ ఉండి కూడా కనబడని సందర్భాలు లేకపోలేదు. పాత కాన్ఫిగర్ కొన్ని నిర్ణీత డైరెక్టరీలలోనే వెదికేది. 2011లో ఉబుంటు 11.04, 2013లో డెబియన్ 7 లైబ్రరీలను యంత్రజాతిని బట్టి వేర్వేరు ఉపడైరెక్టరీలకు మార్చడం మొదలుపెట్టాయి. ఓకామల్ 3 వరుసలోని పాత కూర్పులను అటువంటి వ్యవస్థ మీద కట్టేవారికి చిక్కు ఇక్కడే. మాక్ కంప్యూటర్లలో 2012 నాటి 10.8 కూర్పు నుంచి ఎక్స్11 వ్యవస్థతో రావడం లేదు. ఎక్స్‌క్వార్ట్జ్‌ను విడిగా పెట్టుకోవాలి, అది ‘ఆప్ట్’ కింద ‘ఎక్స్11’ డైరెక్టరీలో చేరుతుంది. ఇటువంటప్పుడు దారి మనమే చెప్పాలి. 4.07 దాకా కాన్ఫిగర్‌కు హెడర్ల చోటు చెప్పడానికి ‘ఎక్స్11ఇన్‌క్లూడ్’, లైబ్రరీ చోటు చెప్పడానికి ‘ఎక్స్11లిబ్’ అనే ఐచ్ఛికాలున్నాయి. ముందుగా ‘ఎక్స్‌లిబ్’ అనే హెడర్ ఫైలు ఏ డైరెక్టరీలో ఉందో వెదికించి చూసుకుంటే ఊహాగానం తప్పుతుంది.

మాటను పోలిన మాట మరొకటి ఉంది. ‘గ్రాఫిక్స్ మాడ్యూలుకు ఇంప్లిమెంటేషన్ ఇవ్వలేదు’ అని కంపైలరు అంటే లైబ్రరీ యంత్రంలో ఉన్నట్టే, ఆజ్ఞలో ‘గ్రాఫిక్స్.సిఎంఎ’ అన్న ఫైలు పేరు చేర్చడం మనం మరిచాము. ‘అన్‌బౌండ్’ అంటే మాడ్యూలే కనబడలేదు. మొదటి రోజునే ఈ తేడా గమనించి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

2019లో వచ్చిన 4.09 నుంచి గ్రాఫిక్స్‌ను కంపైలరు నుంచి విడదీశారు. కొత్త కూర్పులను ఎంత సరిగా కట్టినా అది రాదు. కాన్ఫిగర్‌ను నిందించి లాభం లేదు. ఓపామ్ ద్వారా ‘గ్రాఫిక్స్’ ప్యాకేజీని విడిగా తెచ్చుకోవాలి. ఎక్స్11 హెడర్లు దానికీ కావాలి. అయితే 2021 నాటి ఓపామ్ 2.1 నుంచి, వ్యవస్థలో లేని ప్యాకేజీ పేరు చెప్పి, స్థాపించమంటారా అని అదే అడుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి మేము ఈ దారినే సూచిస్తాము.

మూడవ రోజు సాయంత్రం తెర మీద ‘అ’ మెల్లగా చుట్టుకుంటూ వచ్చింది. ‘ఖ’ దగ్గర వంపు ఒకటి పక్కకు పోయింది. అది మాత్రం ప్రోగ్రాములోని తప్పే. రాత్రి కూర్చుని విద్యార్థే సరిచేసుకుని మరునాడు ఊరికి బస్సెక్కారు.