జీపునకు ఏది ముందు?

థారో జిమ్నీయో క్రొత్తగా కొని, సీట్లపై ప్లాస్టిక్ తొడుగులైనను తీయకమునుపే ఉపకరణముల దుకాణమునకు పరుగిడి, ఇనుప బంపరును, పైకప్పునకు దీపముల వరుసను, ఎత్తు పెంచు స్ప్రింగులను ఒక్క పూటలో బిగింపించుకొని వచ్చు ఉత్సాహవంతులు నేడు మన పట్టణములలో పెక్కుమంది కానవచ్చుచున్నారు. వారి ఉత్సాహమును ఆక్షేపింపను. కాని లక్షలు వెచ్చించిన ఆ బండి తొలకరికి నానిన నల్లరేగడి డొంకలో ఇరుసువఱకు దిగబడినపుడు, దానిని వెలికి తీయగలది ఆ అలంకారములలో ఒక్కటియు లేదని చెప్పక తప్పదు.

ఈ బండ్లు కర్మాగారమునుండి వెలువడునప్పటికే సామాన్యములు కావు. 2020 అక్టోబరులో వచ్చిన రెండవ తరము మహీంద్రా థార్ నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తున నిలుచుననియు, 650 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటుననియు తయారీదారులే పేర్కొనిరి. 2023లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన మారుతి జిమ్నీ ఎత్తు 210 మిల్లీమీటర్లే యైనను, దాని తేలికదనమే బురదలో దానికి బలము. కావున మార్పులు తలపెట్టువాడు ముందు ఒక వర్షాకాలము బండిని ఉన్నదున్నట్లు నడిపి, అది ఎచ్చట ఏ కారణమున ఆగినదో గుర్తింపవలెను. పట్టు చాలక ఆగినదా, పొట్టకు రాయి తగిలి ఆగినదా, లేక ఆగుట సహజమే యైనను వెలికి వచ్చు సాధనము లేక అడవిలో రాత్రి గడుపవలసివచ్చినదా? ఈ మూటికిని మందులు వేఱు.

తఱచుగా తేలు కారణము పట్టు చాలకపోవుటయే. దానికి మొదటి చికిత్స టైరులో, అందును టైరులోని గాలిలో ఉన్నది. తారురోడ్డుపై 32 పౌనుల ఒత్తిడితో తిరుగు టైరునుండి గాలిని 18 పౌనులవఱకు తీసి చూచినచో, ప్రక్కగోడ కొంచెము ఉబ్బి, నేలనంటు భాగము వెడల్పుకంటె పొడవున ఎక్కువగా సాగును. బండి బరువు అంత మేర పరచుకొనుటచే గోదావరి ఇసుకలో చక్రము గొయ్యి త్రవ్వుకొనక పైపైన సాగిపోవును, రాళ్లబాటలో టైరు రాతి అంచుపై వంగి దానిని పట్టుకొనును. దీనికి కావలసినవి గాలి కొలుచు గేజి, బండి బ్యాటరీపై నడచు చిన్న కంప్రెసరు. రెండును కలిసి ఒక్క టైరు ధర కావు. కాని 15 పౌనులకు దిగువకు పోయినచో మలుపులో టైరు రిమ్మును విడిచి ఊడవచ్చును. తారురోడ్డు చేరిన పిదప గాలి నింపక వేగముగా నడిపినచో ప్రక్కగోడ వేడెక్కి చెడును.

టైరునే మార్చదలచినచో, వారమంతయు కార్యాలయమునకును, ఎప్పుడో ఒకనాడు అడవికిని పోవువానికి ఆల్ టెరైన్ రకము చాలును. మడ్ టెరైన్ టైరు లోతైన గాడులు బురదను విదిల్చివేయు మాట నిజమే గాని, అది తారుపై రొద చేయును, తడిసిన రోడ్డున పట్టు తక్కువ. పరిమాణము పెంచుటలో మఱింత నిదానము వలయును. 31 అంగుళముల టైరు తీసి 33 అంగుళములది వేసినచో ఇరుసుక్రింద పెరుగునది ఒక్క అంగుళమే. దానికై గేర్ల లాగుడు తగ్గును, బ్రేకులకు శ్రమ హెచ్చును, స్పీడోమీటరు 60 చూపునపుడు బండి 64 దాపున పోవుచుండును.

ఎత్తు పెంచు స్ప్రింగులను గూర్చి జనులకున్న భ్రమ మఱొకటి. అవి దేహమును ఎత్తునే గాని థార్ వెనుక ఇరుసును ఎత్తవు. దానిని ఎత్తగలది టైరొక్కటే. గురుత్వకేంద్రము పైకి పోవుటచే ఏటవాలున ప్రక్కకు ఒరుగు భయము హెచ్చును. ముందు చక్రముల షాఫ్టు కీళ్లు వంగి తిరుగవలసివచ్చి త్వరగా అరుగును. అంతేకాదు, ఇనుప బంపరు, దిగబడిన బండిని తాడు చుట్టుకొనుచు వెలికి లాగు వించి కలిసి ముందుభాగముపై సుమారు నూరు కిలోలు మోపవచ్చును గనుక, బండి కడపటి బరువు తేలనిదే తగిన స్ప్రింగు ఏదో చెప్పుట అసాధ్యము. వీనిని చివరనే ఎన్నుకొనవలెను.

డిఫరెన్షియల్ విషయము వేఱు. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము తిరుగవలెను గనుక, రెండు చక్రములను వేర్వేఱు వేగములతో తిరుగనిచ్చునట్లు దానిని నిర్మించిరి. ఆ ఉపకారమే గుంతలో అపకారమగును. ఒక చక్రము గాలిలోకి లేచినచో ఇంజను సత్తువ దానిని ఊరక గిరగిర త్రిప్పుటకే వ్యయమై, నేలనంటిన చక్రము కదలకుండును. ఈ కాలపు బండ్లు గాలిలోని చక్రమునకు తమంతట బ్రేకు వేసి రెండవదానికి బలమును మళ్లించును; అది చాలనివారికే లాకరు. రెండు చక్రములను ఒక్కటిగా బిగించు ఆ సాధనము రాళ్లలో అద్భుతము, తారురోడ్డు మలుపులో ప్రమాదము.

వించి ఒంటరిగా పోవువానికే అవసరము. బండి నిండు బరువునకు ఒకటిన్నర రెట్లు లాగగలదానిని ఎన్నుకొనవలెను. తోడు బండి ఉన్నవారికి సాగెడి నైలాను తాడు, మంచి షాకిళ్లు రెండు, ఒక పార చాలును. తాడును ఛాసిస్‌నకు బిగించిన కొక్కెమునకే కట్టవలెను. ట్రెయిలరు తగిలించు గుండునకు కట్టినచో అది విఱిగి తూటావలె ఎగురును, మనుష్యులు చత్తురు.

స్నార్కెల్ ఇంజను గాలి పీల్చు ద్వారమును ఎత్తునకు చేర్చును. నీరు సిలిండరులో పడినచో నలుగదు గనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోవును. కాని దానిని బిగించుకొని వాగులో దిగువారు ఇరుసు గాలిగొట్టములను మఱచుచుందురు. కాగిన ఇరుసు చన్నీటిలో మునుగగానే లోపలి గాలి కుంచించుకొని, సీళ్లగుండ నీటిని లోనికి లాగును. కొన్ని దినముల పిదప ప్లగ్గు విప్పిన గేరు నూనె పాలు కలిసిన కాఫీరంగున జాఱును. ఆ గొట్టమును రబ్బరు పైపుతో పైకి పొడిగించుట స్వల్పవ్యయముతో తీరు పని.

ఇక చట్టము. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ బండి ముందు బిగించు ఇనుప కమ్ములగు బుల్ బారులపై చర్య గైకొనవలసినదిగా రాష్ట్రములకు వ్రాసినది. అవి పాదచారులకు ప్రాణాంతకములు, ఎయిర్‌బ్యాగుల సెన్సర్లకును ఆటంకములు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశించిన మూలవివరములకు భిన్నముగా బండిని మార్చరాదని తీర్పు చెప్పినది. అదే సంవత్సరము సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, అట్టి ప్రతి మార్పునకును యజమానికి ఆఱు నెలలవఱకు జైలో, 5,000 రూపాయల జరిమానాయో, రెండునో పడవచ్చును. బండికి నిర్ణయించిన కొలతలోనే మంచి టైర్లు వేసికొని, సామానుతో తాడు, పార, కంప్రెసరు ఉంచుకొన్నవానికి ఈ చిక్కులు లేవు. తక్కినవారు మెకానిక్కు చేతికి బండి నిచ్చుటకు ముందే ఆర్టీఓ కార్యాలయమునందును, బీమా కంపెనీయందును వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెను.