మైకు కొనే ముందు మీ గదిని వినండి

ఓర్వకల్లు నుంచి మళ్ళీ వచ్చేశా. "అన్నా, ఏ మైకు కొనాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు మీ గది సంగతి చూడండి. మా ఇంట్లో కింద బేతంచర్ల బండలు, గోడలు బోసిగా ఉంటాయి. మాట వాటికి తగిలి తిరిగొస్తుంది.

కండెన్సర్ మైకు ఆ మోతను, ఫ్యానును, రోడ్డు మీద లారీని కూడా పట్టేస్తుంది. ఇట్లాంటి గదికి డైనమిక్ మైకే మేలు. యూఎస్‌బీదైతే నేరుగా కంప్యూటర్‌కి పెట్టచ్చు. ఎక్స్‌ఎల్‌ఆర్‌దైతే ఇంటర్‌ఫేస్ కావాలి.

నోటికి జానెడు లోపే, కొంచెం పక్కకి పెట్టండి. అప్పుడు "ప", "ఫ" గాలి నేరుగా తగలదు. దూరం రెట్టింపైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం తగ్గదు. గెయిన్ పెంచితే అదీ పెరుగుతుంది. ఆడాసిటీలో గట్టిగా మాట్లాడి చూసి, మీటర్ మైనస్ 12 దాటకుండా పెట్టుకోండి. సున్నా తాకి పగిలిన గొంతు మళ్ళీ అతకదు.

మా అవ్వ చెప్పిన కరువు ముచ్చట్లు ల్యాప్‌టాప్ మైకుతో, బారెడు దూరం నుంచి రికార్డు చేశా. ఇప్పుడు అవ్వ లేదు. ఆ ఫైల్లో అవ్వ కంటే ఫ్యానే ఎక్కువ వినిపిస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మైకు కోసం ఆగొద్దు. ఫ్యాను ఆపి, ఫోన్ దగ్గరగా పెట్టి, ఈ రోజే రికార్డు చేసుకోండి. ఉంటా మరి.