చెరలోంచి ఇంటికి ఒక కార్డు

ఆదివారం ఇంటి నుంచి ఫోన్ వస్తుందని హాస్టల్ వరండాలో కూర్చున్న రోజులు మనలో ఎవరం మరిచిపోతాం? ఒళ్లు కాలిపోతున్నా "బాగానే ఉన్నానమ్మా" అనేవాళ్లం. నిజం చెబితే అమ్మానాన్న కూలి మానుకుని బస్సెక్కి వస్తారని భయం. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఎం.ఎ.లో యుద్ధఖైదీల ఉత్తరాల గురించి చదువుతుంటే ఆ అబద్ధమే మళ్లీ ఎదురైంది. తమ్ముళ్లకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాం.

యుద్ధంలో పట్టుబడ్డ సైనికుడు నేరస్థుడు కాడు. కానీ అతని ఇంటికి ముందు వెళ్లేది "ఆచూకీ లేదు" అన్న కబురే. అది చావు కబురూ కాదు, బతుకు కబురూ కాదు. కొట్టుకునే రెండు దేశాల మధ్య తపాలా నడవదు కాబట్టి ఉత్తరం మూడో దేశం మీదుగా పోవాలి. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ స్విట్జర్లాండులోని జెనీవాలో ఇందుకోసం ఒక కార్యాలయం తెరిచింది. ఖైదీల జాబితాలు ఒకవైపు నుంచి, "మావాడు ఎక్కడున్నాడు?" అనే ఉత్తరాలు ఇంకోవైపు నుంచి వచ్చేవి. ప్రతి పేరుకూ ఒక కార్డు రాసి అక్షరక్రమంలో పెట్టేవాళ్లు. జాబితాలోని పేరు, ఇంటివాళ్లు అడిగిన పేరు కలిస్తే కబురు పంపేవాళ్లు. అలా దాదాపు 70 లక్షల కార్డులయ్యాయి. కంప్యూటర్ లేని రోజుల్లో, అంతా చేత్తోనే!

1929 జెనీవా ఒప్పందం దీన్ని హక్కుగా రాసింది. శిబిరానికి చేరిన వారంలోగా ఖైదీ తన ఆరోగ్యం ఎలా ఉందో ఇంటికి కార్డు రాయవచ్చు. 1949 ఒప్పందం ఇంకా స్పష్టంగా, నెలకు కనీసం 2 ఉత్తరాలు, 4 కార్డులు అంది. వాటికి తపాలా ఖర్చు ఉండదు.

కాగితం మీద హక్కు వేరు, చేతికొచ్చేది వేరు. స్కాలర్‌షిప్ కోసం తిరిగిన మనకు అది వేరే చెప్పాలా! 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. వేలాది భారతీయ సైనికులూ పట్టుబడ్డారు. 1929 ఒప్పందం మీద జపాన్ సంతకం చేసింది గానీ దాన్ని ఆమోదించలేదు. జపాన్ శిబిరాల్లో ఖైదీలకు ఇచ్చిన కార్డుల్లో వాక్యాలు ముందే అచ్చయి ఉండేవి: ఆరోగ్యం చాలా బాగుంది, ఆస్పత్రిలో ఉన్నాను, జీతానికి పని చేస్తున్నాను. అక్కర్లేనిది కొట్టేసి సంతకం పెట్టాలి. మలేరియాతో, అరకడుపుతో ఉన్నవాళ్లు కూడా "బాగుంది"నే ఉంచేవాళ్లు. కొంత సెన్సారు భయం, కొంత ఇంట్లో బెంగపడతారని. ఆ కార్డు ఇల్లు చేరడానికి ఒక్కోసారి ఏడాది దాటేది. తర్వాత ఇంటివాళ్ల ఉత్తరాలకూ 25 మాటల హద్దు పెట్టారు. 25 మాటల్లో బిడ్డ పుట్టిందని చెప్పాలా, తండ్రి పోయాడని చెప్పాలా?

చదువు రానివాళ్ల పాట్లు మరీ ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిల్లో ఎక్కువమందికి రాయడం రాదు. సిపాయి చెబితే ఇంకొకరు రాయాలి, సెన్సారు అధికారి చదవాలి, ఊళ్లో మరొకరు ఇంటివాళ్లకు చదివి వినిపించాలి. మొగుడూ పెళ్లాల మాటకు మధ్యలో ముగ్గురు పరాయివాళ్లు. ఇక మనసులో మాట ఎక్కడ చెప్పుకుంటారు?

జర్మనీలో బెర్లిన్ దగ్గర వూన్స్‌డార్ఫ్ శిబిరంలో ఉన్న భారతీయ ఖైదీల గొంతులను అక్కడి పండితులు రికార్డు చేశారు. వాళ్లకు కావలసింది భాషల నమూనాలు. 1916 డిసెంబర్ 11న మల్ సింగ్ అనే పంజాబీ సిపాయి ఆ గొట్టం ముందు నిలబడ్డాడు. తన సంగతే ఎవరో మనిషి కథలా చెప్పుకొచ్చాడు. హిందుస్థాన్‌లో వెన్న తినేవాడట, ఇంకా ఇక్కడే ఉంచితే చచ్చిపోతాడట, ఇంటికి వెళ్లాలట. మొత్తం నిమిషం పైచిలుకు. ఆ రికార్డు ఊరికి పోలేదు. బెర్లిన్‌లోని విశ్వవిద్యాలయం భద్రపరిచిన పాత రికార్డుల్లో ఉండిపోయింది.